మూడో ల్యాప్‌కే పట్టు తప్పే టైర్లు: నా అనుభవం

మా స్విఫ్ట్ బరువు 900 కిలోల లోపే. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్తుంటాను. మొదటి రెండు ల్యాపులూ బాగానే తిరిగేది. ఆ తర్వాత స్టీరింగ్ ఎంత తిప్పినా ముందు చక్రాలు మలుపు బయటికే లాగేవి. పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) ఆపి చూస్తే టైరు అంచున రబ్బరు ఉండలు కట్టి ఉండేది.

అవి రోడ్డు టైర్లు. వాటి ట్రెడ్ బ్లాకులు (నేలకి తగిలే రబ్బరు ముక్కలు) లోతుగా ఉండి అటూ ఇటూ కదులుతాయి, ఆ కదలికకే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మా బావ "ఏకంగా స్లిక్కులు వేసెయ్ రా" అన్నాడు. అంటే గాడి లేని నున్నటి రేసు టైర్లు. కానీ గట్టి రేసు కాంపౌండ్‌కి (రబ్బరు మిశ్రమానికి) కావలసినంత వేడి పుట్టించడం తేలిక కారు వల్ల కాదు. చల్లటి స్లిక్కుతో మలుపు తిరగడమంటే టెన్షనే. పైగా అదే కారులో ఇంటికి రావాలి కదా.

అందుకే ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె) 200 ఉన్న రకం టైర్లు తీసుకున్నాను. ఈ అంకె టైరు పక్క గోడ మీదే అచ్చుపోసి ఉంటుంది. తగ్గేకొద్దీ సాధారణంగా పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. కంపెనీ తనకు తానే ఇచ్చుకునే అంకె కాబట్టి, రెండు కంపెనీల టైర్లను దీంతో పోల్చడం మీద నాకైతే నమ్మకం లేదు.

అసలు తేడా గాలితో వచ్చింది. టైరు చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్ఐతో బయలుదేరతాను. వేడికి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, పిట్‌లోకి రాగానే కొలిచి 32 మించినదంతా వదిలేస్తాను. ఎండ మండే మధ్యాహ్నం ఇంకా వదలాల్సి వస్తుంది. టైరు అంచున చిన్న త్రిభుజం గుర్తు ఉంటే చూడండి: అరుగుదల దాన్ని దాటి పక్క గోడ మీదికి పాకితే గాలి తక్కువైనట్టే. ఇప్పుడు సెషన్ చివరిదాకా పట్టు ఉంటోంది. తిరుగు ప్రయాణానికి ముందు మాత్రం డోరు దగ్గరి స్టిక్కరు చెప్పినంత గాలి కొట్టించాలి.