పాత రాతి మిద్దెల్లో చెమ్మ, పగుళ్లు, కారుడు: ఎక్కడ మొదలవుతాయి, ఎలా ఆపాలి

కనిగిరి, గిద్దలూరు, కందుకూరు వైపు మట్టిలో పేర్చిన రెండడుగుల మందం రాతిగోడలు, పైన కొయ్య దూలాల మీద మట్టి కప్పు (మిద్దె) ఉన్న ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని వయసు కంటే మనం తర్వాత చేసిన మరమ్మతులే ఎక్కువ పాడుచేస్తున్నాయి.

గోడ అడుగున చెమ్మ, తెల్ల ఉప్పు

మూడడుగుల ఎత్తు దాకా పెచ్చులు రాలుతుంటే ముందు చెమ్మ ఎక్కడిదో తేల్చుకోండి. రెండడుగుల చదరం పాలిథిన్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి 2 రోజులు ఉంచండి. నీటి చుక్కలు షీటు వెనక పడితే చెమ్మ గోడలోది. గదివైపు పడితే గాలాడక వచ్చింది. అప్పుడు గోడ జోలికి పోకుండా కిటికీలు తెరవండి.

నేలలోంచి నీరు ఎక్కడం ఈ గోడలకు కొత్త కాదు. సున్నం పూత దాన్ని ఆరనిచ్చేది. సిమెంటు పూత, ఎనామిల్ రంగు ఆ దారి మూసేశాక నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. వెంట తెచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి, పెరిగే కొద్దీ దాన్ని బయటికి తోస్తుంది. దాని మీద వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే చెమ్మ నాలుగో అడుగుకు చేరుతుంది, అంతే. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిన చోట ఈ బాధ మరీ ఎక్కువ.

మొదట బయటి నేలను గది గచ్చు కంటే ఆరంగుళాలు దించి, గోడకు దూరంగా వాలు ఇవ్వండి. తవ్వకం పునాది అడుగు దాకా పోకూడదు. మార్చిలో చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు పూతను ఊడగొట్టండి. సుత్తి, ఉలి చాలు. బ్రేకర్ పెడితే మట్టి సందులు కదులుతాయి. సందుల్లో వదులు మట్టిని అంగుళం లోతు గీకండి. ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి, కడిగితే మళ్లీ గోడలోకే ఇంకుతుంది. ఎండాకాలమంతా ఆరనివ్వండి.

జులై, ఆగస్టుల్లో పూత. రెండు వారాలు మాగిన తడి సున్నం 1 పాలు, ఏటి ఇసుక 3 పాళ్లు. సముద్రపు ఇసుక వద్దు, అది ఉప్పును మళ్లీ తెస్తుంది. కోటు అరంగుళం మించకూడదు. మొదటిది గట్టిపడ్డాకే రెండోది. తడి గోనెపట్టాలు వారం రోజులు కట్టండి. త్వరగా బిగుసుకోవడానికి కాస్త సిమెంటు కలుపుదామని మేస్త్రి అన్నా ఒప్పుకోవద్దు. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు సున్నం గట్టిపడాలి. రాతిసున్నం మీరే తడిపితే నీళ్లలో సున్నం కొంచెం కొంచెంగా వేయండి, సున్నం మీద నీళ్లు పోయొద్దు. కుతకుతా ఉడికి కళ్లలోకి చిందుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి.

కొత్త స్లాబు గది కలిసిన చోట నిలువు పగులు

పాత పునాది ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇంకా దిగుతోంది. పగులుకు రెండు వైపులా పెన్సిలు గీతలు గీసి, మధ్య దూరాన్ని తేదీతో సహా రాసి, ఏడాదంతా నెలనెలా కొలవండి. పెరగకపోతే సున్నంతో పూడ్చండి. పెరుగుతుంటే దాన్ని సందుగానే ఉంచి, సాగే సీలెంటు నింపి, పైన వాన దిగకుండా రేకు కప్పండి. మట్టిలో పేర్చిన పాత గోడలోకి ఇనుప చువ్వలు దించి రెంటినీ కట్టేయకండి. కొత్తది దిగుతూ పాతదాన్ని లాగుతుంది. పగులు గుమ్మం మూల నుంచి ఏటవాలుగా పోయి తలుపు బిగుసుకుపోతుంటే ఇంజినీరును పిలవాలి.

వాన తర్వాత మిద్దె కారడం

తడిసిన చౌడు మట్టి రేణువులు విడిపోయి సన్న సందులను మూసేస్తాయి, అందుకే పెద్దలు మిద్దెకు దాన్ని వాడారు. కారినప్పుడల్లా మట్టి పోస్తూ పోవడమే తప్పు. వంద చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం పెరిగినా దూలాల మీద 400 కిలోలకు పైగా బరువు పడుతుంది. సిమెంటు పరిస్తే ఎండకు పగిలి, దిగిన నీరు కింద చిక్కుకుని కొయ్యను కుళ్లబెడుతుంది.

మిద్దె ఎక్కే ముందు దూలం గోడలోకి పోయే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. సులువుగా అరంగుళం దిగితే కింద పలక వేసి జాకీ నిలబెట్టాకే పైకి ఎవరినైనా పంపండి. వదులు మట్టి తీసి, తూముల వైపు వాలు సరిచేసి, చౌడు పలచగా పరిచి, తడిపి దిమ్మిస కొట్టండి. కుళ్లిన దూలం కొనను వడ్రంగితో అతికించాక చుట్టూ అరంగుళం ఖాళీ వదలండి, సిమెంటుతో మూయకండి.