కంపైలర్ చెవిన వేద్దాం – 6వ భాగం: పోలికను టైపులో పెట్టడం

పోయిన భాగంలో ఇన్‌లైనింగ్ చూశాం. చిన్న ఫంక్షన్‌ను పిలవడం మాని, దాని లోపలి కోడ్‌ను పిలిచిన చోటే పరిచేయడం అన్నమాట. చివర్లో ఒక ప్రశ్న వదిలేశాను: సార్ట్‌కు మనమే ఒక పోలిక ఫంక్షన్ ఇచ్చినప్పుడు కంపైలర్ దాన్ని చాలాసార్లు ఎందుకు ఇన్‌లైన్ చేయదు?

ముందు ఒక లెక్క. పది లక్షల సంఖ్యలను వరుసలో పెట్టడానికి మంచి అల్గారిథమ్‌కైనా దాదాపు 2 కోట్ల పోలికలు పడతాయి. రెండు పూర్ణాంకాలను పోల్చడం ప్రాసెసర్‌కు ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పని. ఆ గోరంత పనికోసం 2 కోట్ల సార్లు ఇంకో ఫంక్షన్ గడప తొక్కి రావాలి. సార్ట్ నెమ్మదిగా ఉందంటే చాలామంది అల్గారిథమ్‌ను అనుమానిస్తారు. నేనైతే ముందు ఈ రాకపోకలను అనుమానిస్తాను.

సీ భాషలో సార్ట్ చేసే లైబ్రరీ ఫంక్షన్ క్యూసార్ట్. దానికి నాలుగు ఆర్గ్యుమెంట్లు. నాలుగోది పోలిక ఫంక్షన్ పాయింటర్, అంటే ఒట్టి చిరునామా. లైబ్రరీలోని క్యూసార్ట్ ఎప్పుడో కంపైలై కూర్చుంది. రేపు ఏ చిరునామా వస్తుందో, అక్కడ ఏ కోడ్ ఉంటుందో దానికి తెలిసే దారి లేదు. తెలియనిదాన్ని ఇన్‌లైన్ ఎలా చేస్తుంది?

సీ ప్లస్ ప్లస్ సార్ట్ టెంప్లేట్, అంటే ఏ టైపు ఇస్తే ఆ టైపుకోసం కంపైలర్ కోడ్ తయారుచేసే అచ్చు. అందులో పోల్చేదాని టైపు కూడా ఒక టైపు పారామీటరే. లాంబ్డా (వాడే చోటే రాసే పేరులేని ఫంక్షన్) రాస్తే, ప్రతి లాంబ్డాకూ దానికంటూ వేరే టైపు పుడుతుంది. ఆ టైపుకోసం సార్ట్‌ను తయారుచేస్తున్నప్పుడే ఏ కోడ్‌ను పిలవాలో కంపైలర్‌కు తెలిసిపోతుంది. అదే సార్ట్‌కు లాంబ్డా బదులు మామూలు ఫంక్షన్ పేరు ఇచ్చి చూడండి. ఇప్పుడు టైపు చెప్పేది ‘రెండు ఇంట్‌లు తీసుకుని బూల్ ఇచ్చే ఏదో ఒక ఫంక్షన్’ అని మాత్రమే. టైపు ఊరి పేరు చెప్పింది, ఇంటి నంబరు చెప్పలేదు. కంపైలర్ కొన్నిసార్లు తనంతట తాను కూపీ లాగుతుంది గానీ, దాన్ని నమ్ముకోలేం.

ఈ పాఠమంతా ఆ తేడా మీదే నడుస్తుంది. ‘ఎలా పోల్చాలి’ అన్న సమాచారం విలువలో ఉంటే అది ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గానీ తేలదు. టైపులో ఉంటే కోడ్ తయారయ్యేటప్పుడే తెలుస్తుంది.

ఇక సీ షార్ప్‌లో చేసి చూద్దాం. ఇక్కడ జెనరిక్స్ (టైపును పారామీటర్‌గా తీసుకునే కోడ్) 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చాయి. వాటి పద్ధతి ఇది: టైపు పారామీటర్ స్థానంలో స్ట్రక్ట్ వస్తే జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మెషీన్ కోడ్ తయారుచేసేది) ఆ స్ట్రక్ట్‌కోసం ప్రత్యేకంగా మెషీన్ కోడ్ తయారుచేస్తుంది. క్లాస్ వస్తే, క్లాసులన్నిటికీ కలిపి ఒకే కోడ్‌ను వాడుతుంది. కాబట్టి మన పోలికను స్ట్రక్ట్‌గా రాస్తాం. కింద కనిపించే ఐకంపేరర్ అంటే పోల్చేవాటికి డాట్‌నెట్ ఇచ్చిన ఇంటర్‌ఫేస్. అర్థం కావడానికి తెలుగు మాటల్లో పెడుతున్నాను:

స్ట్రక్ట్ చిన్నదిముందు : ఐకంపేరర్<ఇంట్>
కంపేర్(ఎ, బి): ఎ < బి అయితే -1, ఎ > బి అయితే 1, లేదంటే 0

సార్ట్<టీ, పో>(టీల వరుస, పో పోల్చేది)
షరతు: పో ఒక స్ట్రక్ట్, దానికి ఐకంపేరర్<టీ> ఉండాలి

చిన్నదిముందు లోపల ఒక్క ఫీల్డ్ కూడా లేదు. దాని విలువలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, సరుకంతా టైపులోనే ఉంది. సార్ట్ లోపల పోల్చేది.కంపేర్ అని పిలిస్తే, ఏ కంపేరో జిట్‌కు తెలుసు. నేరుగా పిలుస్తుంది, చిన్నదైతే ఇన్‌లైన్ కూడా చేస్తుంది.

మొదటిసారి ఇది రాసినప్పుడు నేను స్ట్రక్ట్ సరిగ్గానే రాశాను. సార్ట్ పారామీటరును మాత్రం పాత అలవాటు కొద్దీ ‘ఐకంపేరర్<టీ> పోల్చేది’ అని పెట్టాను. ప్రోగ్రామ్ సరిగ్గానే నడిచింది, వేగం మాత్రం అంగుళం కదల్లేదు. ఇంటర్‌ఫేస్ టైపులో పెట్టగానే స్ట్రక్ట్ బాక్స్ అయిపోయింది (అంటే హీప్‌లో ఒక ఆబ్జెక్ట్‌గా చుట్టబడింది), పిలుపు మళ్ళీ ఇంటర్‌ఫేస్ ద్వారానే వెళ్ళింది. పారామీటరు టైపు ‘పో’ అనే ఉండాలి. ఆ ఒక్క మాట తేడా కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది.

ఇన్‌లైన్ వల్ల దక్కేది పిలుపు ఖర్చు ఒక్కటే అనుకోకండి. సార్ట్‌కు కావలసింది ‘చిన్నదా, కాదా’ అన్న ఒక్క జవాబు. కంపేర్ -1, 0, 1 తయారుచేస్తుంది, సార్ట్ దాన్ని మళ్ళీ సున్నాతో పోలుస్తుంది. రెండూ పక్కపక్కన పడితే ఈ డొంకతిరుగుడును ఆప్టిమైజర్ కుదించగలదు. వేర్వేరు ఫంక్షన్లలో ఉన్నంతకాలం ఆ అవకాశమే రాదు. అన్నట్టు, పొట్టిగా ఉంటుందని ‘ఎ - బి’ తిరిగి ఇవ్వకండి. 32 బిట్లలో -2147483648 నుంచి 1 తీస్తే 2147483647 వస్తుంది, చిన్నది కాస్తా పెద్దదైపోతుంది.

ఇలాంటి కుదింపుకు గో భాషలో నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 2023లో గో 1.21తో స్లైసెస్ ప్యాకేజీ వచ్చింది. అందులోని సార్ట్, ఫ్లోట్‌లలో సంఖ్య కాని విలువ (NaN, ఇది తనతో తానే సమానం కాదు) ఎదురైతే తడబడకుండా ‘ఎక్స్ తనతో తానే సమానం కాదా?’ అని కూడా అడుగుతుంది. ఇంట్‌ల విషయంలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ‘సమానమే’. టైపు ఇంట్ అని తెలిసింది గనుక కంపైలర్ ఆ తనిఖీని మొత్తంగా ఎత్తేయగలదు. అదే గోలో పాయింటర్ టైపులకు ఇంత లాభం ఆశించకండి, వాటన్నిటికీ కలిపి ఒకే కోడ్ తయారవుతుంది.

జావాలో కథ వేరు. అక్కడ కంపైలయ్యాక టైపు పారామీటర్లు చెరిగిపోతాయి. జావా ప్రోగ్రామ్‌ను నడిపే హాట్‌స్పాట్, నడుస్తున్న ప్రోగ్రామ్‌ను గమనించి, ఒక పిలుపు దగ్గర ఒకటి రెండు రకాల కంపేరేటర్లే కనిపిస్తే ఇన్‌లైన్ చేస్తుంది. రకాలు పెరిగాయంటే సాధారణంగా చేతులెత్తేస్తుంది. ఈ పాఠంలోని చిట్కా అక్కడ పనికిరాదు.

ఖర్చు సంగతీ చెప్పాలి. ప్రతి కొత్త స్ట్రక్ట్‌కూ సార్ట్ కోడ్ మరో ప్రతి పుడుతుంది. నలభై రకాల పోలికలుంటే నలభై ప్రతులు. వేడి లూపుల్లో, అంటే లెక్కలేనన్నిసార్లు తిరిగే చోట్ల తప్ప వాడకండి.

అభ్యాసం: ఇన్‌సర్షన్ సార్ట్‌ను మూడు విధాలుగా రాయండి. ఒకదాంట్లో పారామీటరు ఇంటర్‌ఫేస్, ఒకదాంట్లో ‘పో’ స్థానంలో స్ట్రక్ట్, ఇంకోదాంట్లో స్ట్రక్ట్ షరతు తీసేసి క్లాస్. చిందరవందరగా ఉన్న 20,000 సంఖ్యలు ఇవ్వండి, సుమారు 10 కోట్ల పోలికలు జరుగుతాయి. రిలీజ్ బిల్డ్‌లోనే కొలవండి, మొదటి పరుగును లెక్కలోకి తీసుకోకండి. క్లాస్ పద్ధతి ఏ పక్కకు మొగ్గుతుందో కొలిచే ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. 7వ భాగాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాం.