మామిడి అంటు కట్టే ముందు ఇవి చూసుకోండి

- ముందు కొమ్మ సంగతి. ఏటా బాగా కాసే, తెగులు లేని బంగినపల్లి చెట్టునే ఎంచుకోండి. 3-4 నెలల వయసు, పెన్సిల్ లావు, పూత రాని కొమ్మ కావాలి. కోయడానికి 7-10 రోజుల ముందే ఆకులు కత్తిరించి తొడిమలు ఉంచండి, కొన మొగ్గ ఉబ్బుతుంది. ఇది మరిచిపోయారా? ఆ రోజు అంటు కట్టొద్దు. వారం ఆగడమే నయం, కొమ్మను వృథా చేస్తే మనసు ఒప్పదు.
- వేరుమొక్క (కొమ్మను అతికించే కింది మొక్క) కాండం కూడా ఇంచుమించు అదే లావుండాలి. తేడా ఉంటే ఒక పక్కనైనా బెరడుకు బెరడు కలిసేలా చూడండి.
- కత్తి పదునుగా ఉందా? స్పిరిట్‌తో తుడవండి.
- కోసిన పుల్లలు తడి గోనెసంచిలో, నీడలో.
- పాలిథిన్ టేపు ముందే ముక్కలు చేసుకోండి. కోత ఆరకముందే బిగించాలి.
- జూలై, ఆగస్టు తేమ మంచిది. జోరువాన రోజు మాత్రం వద్దు.