పోస్ట్ తీసేశారా, అకౌంట్ ఆపేశారా? జీఏసీకి అప్పీలు చేసుకునే విధానం

సోషల్ మీడియాలో మీ పోస్ట్ తీసేసి, "మా నియమాలకు విరుద్ధం" అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తారు. ఏ నియమమో, ఏ మాట తప్పో చెప్పరు. ఇలాంటి నిర్ణయాల మీద అప్పీళ్లు వినడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో మూడు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీలు వేసింది. వీటినే జీఏసీ అంటారు. 2021 ఐటీ నిబంధనలకు 2022 అక్టోబర్‌లో చేసిన సవరణతో ఇవి వచ్చాయి. ఒక్కో కమిటీలో చైర్‌పర్సన్ కాక ఇద్దరు సభ్యులుంటారు.

అప్పీలుకు ముందు ఒక సంగతి తేల్చుకోండి: తీసేసింది సంస్థా, గ్రూప్ అడ్మినా? వాట్సాప్ గ్రూప్ నుంచి అడ్మిన్ మిమ్మల్ని తప్పించినా, ఫేస్‌బుక్ గ్రూప్‌లో మోడరేటర్ మీ పోస్ట్‌ను అప్రూవ్ చేయకపోయినా అది వాళ్ల విచక్షణ. ఎంత మండినా అడ్మిన్‌తోనే మాట్లాడుకోవాలి. జీఏసీ వినేది సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్ (యూజర్ల ఫిర్యాదులు చూసే అధికారి) నిర్ణయం మీద అప్పీలునే.

కాబట్టి మొదటి మెట్టు గ్రీవెన్స్ ఆఫీసరే. ఆయన పేరు, సంప్రదించే వివరాలు సంస్థ తన సైట్‌లోనో యాప్‌లోనో పెట్టి తీరాలి. యాప్‌లో 'రివ్యూ' బటన్ నొక్కడం వేరు, ఈయనకు ఫిర్యాదు రాయడం వేరు. రాసినట్టు 24 గంటల్లో రసీదు రావాలి, ఆ నంబర్ దాచుకోండి. పరిష్కారానికి 2021 నిబంధనల్లో మొదట పెట్టిన గడువు 15 రోజులు. ఇప్పుడు అమల్లో ఉన్న గడువెంతో ఒకసారి చూసుకోండి.

ఫిర్యాదు ఎలా రాయాలన్నదే అసలు విషయం. "నా భావప్రకటన స్వేచ్ఛను తొక్కేశారు" అని మొదలుపెడితే చదివేవాళ్లకు పట్టు దొరకదు. ఇలా రాయండి: "ఫలానా తేదీన ఈ లింక్‌లోని పోస్ట్ తొలగించారు. వేధింపు అని కారణం చూపారు. అందులోని తిట్టు నాది కాదు, నాకు వచ్చిన మెసేజ్‌ను చూపిస్తూ కోట్ చేశాను. పై వాక్యం చూడండి." ఒకే మాట ఒకచోట తిట్టు, ఇంకోచోట ఆ తిట్టుకు సాక్ష్యం. ఏ నియమావళీ ముందే అన్నీ ఊహించి రాసిపెట్టలేదు కాబట్టే తీసేసేవాళ్ల విచక్షణకు చోటుంటుంది. అది తప్పిందని చూపాలంటే సందర్భం ముందు పెట్టాలి.

ఇంకో పట్టు కూడా ఉంది. దేశంలో 50 లక్షలకు పైగా నమోదిత యూజర్లున్న సోషల్ మీడియా సంస్థ నియమాల పేరుతో తనంతట తాను పోస్ట్ తీసేస్తే, కారణం చెప్పాలి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అవి జరగకపోతే ఆ మాటా రాయండి.

ఆఫీసర్ జవాబు నచ్చలేదనుకోండి. అది అందిన రోజు నుంచి 30 రోజుల్లో జీఏసీ పోర్టల్‌లో అప్పీలు వేయాలి. దాఖలు నుంచి తీర్పు దాకా అంతా ఆన్‌లైన్‌లోనే, ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ లేదు. మీ ఫిర్యాదు కాపీ, ఆఫీసర్ జవాబు, లింక్, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. పోస్ట్ పోయాక స్క్రీన్‌షాట్ తీయలేం, అందుకే వివాదం వాసన తగలగానే తీసి పెట్టుకోవడం మేలు. జవాబు స్పామ్‌లో పడి ఉందేమో కూడా చూడండి, గడువు అక్కడే కరిగిపోతుంది.

అప్పీలును 30 రోజుల్లో తేల్చడానికి కమిటీ ప్రయత్నించాలన్నది నిబంధన. ఆదేశాన్ని సంస్థ అమలు చేసి, చేసినట్టు తన సైట్‌లో నివేదిక పెట్టాలి. కమిటీ నిర్ణయమూ సబబుగా లేదనిపిస్తే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు.