ఏ రూల్‌బుక్ ఒప్పుకోవాలి? మా టేబుల్ దగ్గర పనిచేసిన పద్ధతి

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. అంటే, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్రగా పాచికలు వేస్తూ ఆడే ఆట; మా దగ్గర నడిపేది నేను. ఒక్కొక్కరు ఒక్కో నియమాల పుస్తకం పట్టుకొచ్చేవారు, ఆట కంటే "ఇది చెల్లుతుందా?" అనే గొడవే ఎక్కువ. అన్నీ ఒప్పుకోవడం, అన్నీ కాదనడం, ఓటు పెట్టడం, ఏదీ నిలబడలేదు.

ముందు 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆటగాళ్ల ముఖ్య నియమాల పుస్తకం) అందరికీ ఉమ్మడి అన్నాను. 2024లో వచ్చిన కొత్త హ్యాండ్‌బుక్‌ని కలపలేదు. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్‌కి (మంత్రానికి) పాతదాంట్లో ఒక ఎనిమిది ముఖాల పాచిక, కొత్తదాంట్లో రెండు. గాయాలు మాన్పే హీలర్లు ఇద్దరుండి చెరో పుస్తకం పట్టుకుంటే ఇక చూస్కోండి! తర్వాత, ఒక్కో క్యారెక్టర్‌కి అదనంగా ఒకే పుస్తకం. ఈ ఆటకి అధికారికంగా నడిచే అడ్వెంచరర్స్ లీగ్‌లో ఒకప్పుడు ఉన్న నియమమే ఇది.

అసలు గొడవ తగ్గించింది మూడోది. హ్యాండ్‌బుక్‌లో లేనిది ఏదైనా, ఆ పేజీ ఫొటో ఆటకు ముందురోజే వాట్సాప్‌లో నాకు పంపాలి. టేబుల్ దగ్గర కొత్తగా బయటపెడితే ఆ రోజుకి చెల్లదు. 2021 నాటి స్ట్రిక్స్‌హేవెన్ పుస్తకంలోని సిల్వరీ బార్బ్స్ అలాగే దొరికింది. మొదటి లెవెల్ స్పెల్లే, కానీ శత్రువు నెగ్గిన రోల్‌ని మళ్లీ వేయిస్తుంది, పైగా మనవాళ్లలో ఒకరికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం). పుస్తకాన్ని ఉంచి, ఆ స్పెల్ ఒక్కటీ తీసేశాను. విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) ఆడేవాడు కొన్నాళ్లు అలిగాడు.

మాది తెలిసినవాళ్లమే కూర్చుని ఆడే పెద్ద కథ. ఒక్కరోజు ఆటకైతే హ్యాండ్‌బుక్ ఒక్కటే చాలేమో. ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో, మామూలుగా అందరికీ దొరకనివాటికి అన్‌కామన్, రేర్ అని పుస్తకంలోనే గుర్తు వేసి ఉంటుంది కాబట్టి, అక్కడ ఇంత తంటా ఉండకపోవచ్చు.