దూరప్రయాణంలో కుక్క కుదురుగా ఉండట్లేదా? మొదట వెనక సీటు చూడండి

దారిలో వచ్చే లైట్‌హౌస్‌లన్నీ చూద్దామనో, ఒక నది వెంట పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా వెళ్దామనో, కుక్కను వెంటబెట్టుకుని రోజుల తరబడి కారులో తిరిగేవాళ్ల కోసం ఇది. పట్టీ, నీళ్ల గిన్నె, టీకాల కాగితాలు మీ దగ్గర ఉన్నాయనే అనుకుంటున్నాను.

బయల్దేరిన కాసేపటికే చొంగ, వాంతి

అంతకుముందు పెదాలు నాక్కుంటూ, మాటిమాటికీ ఆవలిస్తుంటే అది కడుపులో తిప్పడమే. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి కడుపునిండా పెట్టకండి. అప్పటికీ తగ్గకపోతే పశువుల డాక్టర్‌ని అడిగి, కుక్కలకు వాంతులు ఆపే మ్యారోపిటెంట్ మాత్ర వాడండి. కనీసం 2 గంటల ముందే వేయాలి, కారెక్కాక వేస్తే ఆలస్యమైనట్టే.

మొదటిరోజు బాగానే ఉంది, ఆ తర్వాత ఒకటే రొప్పు

పడుకోదు, లేస్తుంది, మళ్లీ కూలబడుతుంది. అందరూ చెప్పే కారణం భయం. నేనూ అదే అనుకుని దెబ్బతిన్నాను.

లైట్‌హౌస్‌ల యాత్రలో రెండో రోజు. సముద్రం పక్కన దారి, మధ్యాహ్నమంతా ఒకే వైపు కిటికీలోంచి ఎండ. మా కుక్క క్రేట్‌లో (కారులో దాన్ని ఉంచే బోను) గుండ్రంగా తిరుగుతూ, నాలుక బయటపెట్టి ఆపకుండా రొప్పుతోంది. చీకటిగా ఉంటే నెమ్మదిస్తుందని క్రేట్ మీద దుప్పటి కప్పాను. ఇంకా ఎక్కువైంది. ఆగిన చోట నీళ్ల గిన్నె తీద్దామని చెయ్యి పెడితే క్రేట్ గడియ చురుక్కుమంది. ముందు సీట్లో నేనేమో ఏసీ చలికి చొక్కా పైగుండీ కూడా పెట్టుకుని ఉన్నాను.

చాలా కార్లలో చల్లగాలి వచ్చేది డ్యాష్‌బోర్డు నుంచే. ముందు సీట్లు, వాటి వెనక పేర్చిన సామాను ఆ గాలిని అక్కడే ఆపేస్తాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నోట్లో తడి ఆవిరైతేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. సముద్రతీరంలో గాలే తేమగా ఉంటుంది కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. పైన దుప్పటి కప్పితే అది వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకోవాలి.

కాబట్టి ట్రైనర్ని వెతికే ముందు, నిద్రమందు అడిగే ముందు ఈ ఒక్క పని చేయండి. సామానంతా సర్దేసి, ఏసీ వేసి ఇరవై నిమిషాలు నడిపాక, సరిగ్గా కుక్క పడుకునే చోట కిందికంటా అరచెయ్యి పెట్టి చూడండి. ఎంతమందికి చెప్పినా ముందు సీట్లోంచే "వెనక చల్లగానే ఉందండీ" అంటారు. దయచేసి దిగి వెళ్లి చూడండి.

వేడిగా ఉంటే మధ్యలో సామాను తీసి గాలికి దారివ్వండి. ఎండపడే కిటికీకి జాలీ తెర కట్టండి, క్రేట్ మీద ఏమీ కప్పకండి. చిన్న థర్మామీటరు ఒకటి క్రేట్‌కి వేలాడదీయండి. పొడవైన దారి పొద్దున్నే పూర్తయ్యేలా ప్లాన్ మార్చండి. దుప్పటి తీసి, బ్యాగులు పక్కకి జరిపాక మా కుక్క తర్వాతి లైట్‌హౌస్ దాకా నిద్రపోయింది.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణాపాయం. చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా, చొంగ చిక్కబడినా, తూలుతున్నా కారు ఆపేయండి. ముందు ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగలనివ్వండి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి.

చేరాక కుక్కను లోపలికి రానివ్వట్లేదు

చూడాల్సినవి ముందు రాసుకుని, కుక్క సంగతి తర్వాత ఆలోచిస్తే ఇలాగే అవుతుంది. ప్రతి చోటికీ ముందే ఫోన్ చేయండి. రానివ్వకపోతే ఒకరు బయట నీడలో దాంతో ఉండి, వంతులవారీగా వెళ్లిరండి. ఒక్కరే ఉంటే ఆ చోటు వదిలేయండి. కిటికీ కాస్త దించి కారులో ఉంచుతామంటే మాత్రం ఒప్పుకోను. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎండలో ఆపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. కిటికీ కొద్దిగా తెరిచినా పెద్ద తేడా రాలేదు.

మిగతావి

దిగినా మూత్రం పోయకపోతే తొందరపెట్టకుండా గడ్డి ఉన్న చోట పావుగంట నడిపించండి. విరేచనాలైతే తిండి మారి ఉంటుంది, ఇంట్లో పెట్టేదే వెంట తీసుకెళ్లండి. చెవిలో ఇన్ఫెక్షన్, కీళ్లనొప్పి వల్ల కూడా కుదురు తప్పవచ్చు. వెనక సీటు చల్లబడ్డాక కూడా అలాగే ఉంటే అప్పుడు డాక్టర్‌కి చూపించండి.