ఒంగోలులో సేవా కార్యక్రమానికి స్పాన్సర్లను ఎలా అడగాలి?

చందా పుస్తకం కనపడగానే షాపు యజమాని ముఖం మారిపోతుంది. వినాయక చవితి నుంచి శ్రీరామనవమి దాకా ఎవరో ఒకరు మెట్లెక్కుతూనే ఉంటారు మరి. నూటపదహార్లు చేతిలో పెట్టి పంపేస్తాడు. డయాలసిస్ రోగుల దారి ఖర్చుల కోసం మీరు 5కె రన్ (ఐదు కిలోమీటర్ల పరుగు) పెడుతున్నా సరే, చందా అడిగినట్టు అడిగితే మీకూ అంతే వస్తుంది.

అందుకే ముందు ఒక పేజీలో లెక్క రాయండి. రెండొందల మందికి టిఫిన్ 40 రూపాయల చొప్పున 8,000. టీషర్టులు, షామియానా, మైకు కూడా ఇలాగే విడివిడిగా వేయండి. రోగులకు చేరే మొత్తం పక్కన వేరుగా చూపించండి. "ఇందులో పేషెంట్లకు వెళ్లేదెంత?" అన్నదే యజమాని అడిగే మొదటి ప్రశ్న. అక్కడ తడబడితే ఇంక ఏం చెప్పినా ఎక్కదు. రోడ్డు మీద పరుగు కాబట్టి పోలీసుల అనుమతి కాపీ కూడా వెంట ఉంచుకోండి.

తర్వాత పేర్ల జాబితా. ట్రంకు రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకు అన్ని షాపులూ ఎక్కి దిగితే కాళ్లనొప్పులే మిగులుతాయి. మెడికల్ షాపులు, ల్యాబులు, స్పోర్ట్స్ షాపులు, చీమకుర్తి గ్రానైట్ వ్యాపారులు... ప్రతి పేరు పక్కన మీ వాళ్లలో ఆయనకు తెలిసినవాళ్లు ఎవరో రాసుకోండి. అందరినీ డబ్బే అడగక్కర్లేదు. టెంట్‌హౌస్ ఆయనకు 5,000 నగదు తీసివ్వడం కంటే కుర్చీలు పంపడం తేలిక. వాటర్ ప్లాంట్ వాళ్లు క్యాన్లు ఇస్తారు, ప్రెస్సు వాళ్లు కరపత్రాలు వేసిస్తారు. ఖర్చు తగ్గినా డబ్బు వచ్చినట్టే.

కనీసం రెండు నెలల ముందు తిరగడం మొదలుపెట్టండి. బోణీ కాకముందు మాత్రం ఎవరి దగ్గరికీ వెళ్లకండి. పదకొండు దాటాక గానీ, మధ్యాహ్నం మూడింటికి గానీ గిరాకీ పలచబడినప్పుడు వెళ్లండి. బట్టల షాపుల్ని సంక్రాంతి రద్దీలో కదిలించొద్దు. పొగాకు వేలం జరిగే నెలల్లో ఊళ్లో డబ్బు తిరుగుతుంది, అప్పుడు అడగడం మేలు.

ఇద్దరు వెళ్తే చాలు. మాట సూటిగా ఉండాలి: "అన్నా, చందాకి రాలేదు. జనవరి చివరి ఆదివారం పొద్దున ఆరింటికి రన్. రెండొందల మందిని పిలుస్తున్నాం. మీరు పదివేలిస్తే టీషర్టు వెనక మీ షాపు పేరు వేస్తాం. ఆ డబ్బుతో వాళ్ల టిఫిన్ ఖర్చు గట్టెక్కుతుంది." అంతే, ఇక ఆగండి. ఆయన్ని మాట్లాడనివ్వండి. "చూద్దాం" అంటే కాదన్నట్టు కాదు. "గురువారం రమ్మంటారా?" అని రోజు ఖాయం చేసుకోండి.

డబ్బు ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకూ వేయించుకోవద్దు. సంస్థ ఖాతాకే రావాలి, రసీదు అక్కడికక్కడే ఇవ్వాలి. మీ సంస్థకు 80జి రిజిస్ట్రేషన్ (విరాళం ఇచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చేది) ఉంటే చెప్పండి. నగదుగా 2,000 రూపాయలు దాటిన విరాళానికి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు రాదని కూడా అప్పుడే చెప్పేయండి. పేరు వేయించుకుని ఇచ్చే డబ్బును కొందరు ప్రచార ఖర్చుగా రాసుకుంటారు. విరాళమా, ప్రచారమా అన్నది వాళ్ల ఆడిటర్‌ను అడిగి చెప్పమనండి, దాన్నిబట్టే కాగితం ఇవ్వండి.

ఒక ఏడాది మా ఫ్లెక్సీలో ఒక హోటలాయన ఇంటిపేరు తప్పు పడింది. ఆయన స్టేజీ మీద నిలబడి, వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. మరుసటి ఏడాది ఇవ్వనూ లేదు. అప్పట్నుంచి ప్రింటుకు పంపేముందు ప్రతి స్పాన్సర్‌కూ వాట్సాప్‌లో డిజైన్ పంపిస్తాం. వాళ్లు ఓకే అన్నాకే ప్రెస్సుకు వెళ్తుంది.

కార్యక్రమం అయిన వారంలోపు మళ్లీ అందరి దగ్గరికీ వెళ్లండి. ఒక ఫొటో, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంతమంది రోగులకు ఎంత ఇచ్చారు అన్న ఒక్క పేజీ లెక్క చేతికివ్వండి. టీ ఇస్తే తాగి రండి. వచ్చే ఏడాది ఊసు ఆ రోజు ఎత్తకండి.